వదిలేశాను అన్న మాట

బడి వెనక క్వార్టర్లు,
జూన్ 21

టకటకా,

మూడు ఉత్తరాలకి ఒక్క జవాబు. అదీ కార్డు ముక్క. ఆడబిడ్డ అర్ధమొగుడు అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు, నువ్వు అచ్చం మీ అన్నయ్యలా తయారయ్యావు. రేడియో విప్పి ముందు పెట్టుకుంటే ఆయనకీ ఇలాగే లోకం పట్టేది కాదు. ఊరందరి వాంగ్మూలాలూ టైపు కొట్టే చేతికి వదినకి నాలుగు ముక్కలు రాయాలంటే నొప్పెడుతుందా? ఫోను మాత్రం చెయ్యకు. ఫోనులో అయితే నవ్వించి మాట దాటేస్తావు. కాగితం మీద రాయి.

ముందు బడి సంగతి. మా హెడ్మాస్టరు గారు ఎక్కడో శిక్షణకి వెళ్ళొచ్చారు. ఇకనుంచి బెత్తం లేదు, గోడకుర్చీ లేదు, పిల్లలు తప్పు చేస్తే అందరూ గుండ్రంగా కూర్చుని మాట్లాడుకోవాలి అన్నారు. డస్టరు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి, తక్కినవాళ్ళు నోరు మూసుకుని వినాలి. స్టాఫ్ రూములో పగలబడి నవ్వినవాళ్ళలో నేనే మొదటిదాన్ని. మాటలతో మారేవాళ్ళైతే పిల్లలెందుకవుతారు అన్నాను కూడా.

పోయిన వారం నా క్లాసులోనే గొడవ వచ్చింది. ఒకత్తి ఇంకోదాని జడ సగానికి కత్తిరించేసింది. సరే, కూర్చోబెట్టాను. జడ పోయినది డస్టరు తీసుకుని ఎందుకు కత్తిరించావు అని అడుగుతుందనుకున్నాను. అది అడగలేదు. "నా జుట్టు ఏం చేశావు?" అంది. రెండోది సంచిలోంచి పొట్లం తీసి ఇచ్చింది. పారెయ్యబుద్ధి కాలేదట. ఆ పిల్ల పొట్లం విప్పి చూసుకుని, మళ్ళీ మడిచి, సరే అంది. ఆ ప్రశ్న నన్ను పట్టుకుని వదల్లేదు.

ఎందుకంటే ఆ పొద్దునే, మాయమైనవాళ్ళ సంగతి తేల్చే మీ విచారణ సంఘం నుంచి నాకొక కవరు వచ్చింది. మీ అన్నయ్యకి కాపలా ఉన్న మనిషి నాతో ముఖాముఖి కూర్చుంటానని అడిగాడట. ఇష్టమైతే ఒప్పుకోవచ్చు, లేదంటే లేదు అని రాశారు. నీకు తెలిసే ఉంటుంది.

అప్పటి గొడవల్లో తుపాకులవాళ్ళు షాపులోంచి ఆయన్ని పట్టుకుపోయి పదకొండేళ్ళు. రేడియోలు బాగుచేసేవాడు ఎవరికో వార్తలు చేరవేస్తున్నాడని అనుమానం. అప్పటికి గువ్వ నా కడుపులో ఐదో నెల. మొదటి ఏడేళ్ళూ ఉన్నాడో లేడో అని ఏడ్చాను. నాలుగేళ్ళ కిందట ఆ మనిషి వాంగ్మూలం నకలు మీ ఆఫీసు నుంచి వచ్చింది చూడు, అప్పటినుంచి ఏడవడం మానేసి ఎదురుచూస్తున్నాను. 'ఉదయం ఆరు గంటల ప్రాంతమున అతనిని విడుదల చేశాను.' ఆ వాక్యం నాకూ గువ్వకీ కంఠతా వచ్చు.

విడుదలైనవాడు ఎటో వెళ్ళి ఉండాలి కదా. దెబ్బలకి మతి తప్పిందో, భయపడి ఎక్కడ తలదాచుకున్నాడో. ఆ మనిషిని నేను తిట్టను, కొట్టను. ఎటు వెళ్ళాడు అని మాత్రం అడుగుతాను. తూర్పుకా, పడమరకా. అది తెలిస్తే అక్కణ్ణుంచి నేను వెతుక్కుంటాను.

ఒప్పుకోమంటావా? ఆ గదుల్లో ఏం జరుగుతుందో నీకే తెలుసు. వెంటనే రాయి.

మీ వదిన


విచారణ సంఘం, రికార్డుల గది,
జూన్ 27

వదినా,

కార్డు ముక్క అని ఎగతాళి చేశావుగా, ఇదిగో, ఆఫీసు కాగితాలే దొంగిలించి రాస్తున్నాను.

మా గది నువ్వు చూడలేదు కదూ. కిటికీలు తల కంటే ఎత్తులో ఉంటాయి, బయట నడిచేవాళ్ళ చెప్పులు తప్ప ఏమీ కనబడవు. గోడల నిండా అట్టపెట్టెలు, వాటి నిండా క్యాసెట్లు. చెవులకి హెడ్‌ఫోన్లు, కాలి కింద తొక్కుడు మీట. తొక్కితే టేపు వెనక్కి పోతుంది. మాట అర్థం కాకపోతే మళ్ళీ తొక్కి మళ్ళీ వినాలి. సాయంత్రానికి వేళ్ళకంటే కుడికాలే ఎక్కువ నొప్పెడుతుంది.

చెప్పింది చెప్పినట్టు కొట్టడానికి లేదు. అంతా రాతభాషలోకి మార్చాలి, అది మా సూపరింటెండెంటు గారి నియమం. మొన్న ఒక పెద్దావిడ "నాకు కడుపుకోత మిగిల్చారయ్యా" అని ఏడిస్తే, కొత్తగా చేరినాయన 'ఉదర భాగమున శస్త్రచికిత్స జరిగినది' అని కొట్టాడు. నవ్వాలో ఏడవాలో తెలియక అందరం బయటికెళ్ళి టీ తాగాం. సూపరింటెండెంటు గారు మాత్రం శస్త్రచికిత్సలో వత్తు తప్పు పట్టారు.

ఇక నీ సంగతి. వద్దు వదినా. ఆ మనిషి నీకోసం అడగలేదు, తనకోసం అడిగాడు. ఇతను నిజం చెప్పాడు అని కుటుంబంవాళ్ళు సంతకం పెడితే మిగిలిన శిక్ష కొట్టేస్తారు, అది రూలు. అతనికి పంక్చర్ల షాపు ఉంది, వారానికోసారి ఠాణాకి వెళ్ళి కనబడి రావాలి, ఆ తిప్పలు తప్పించుకుందామని చూస్తున్నాడు. వెళ్ళకు. పైగా ఆ రోజు బడి ఉంటుంది, గువ్వని ఎవరు చూస్తారు? ఇలాంటివాళ్ళు పదకొండేళ్ళ తరవాత ఏం గుర్తుపెట్టుకుని చెప్తారు? ఏదో ఒక దిక్కు చూపిస్తాడు, నువ్వు ఆ దిక్కున పడి తిరుగుతావు. వద్దు. ఒకవేళ వెళ్ళినా ఆ ప్రశ్న మాత్రం అడక్కు.

గువ్వకి బూట్లు ఎన్నో సైజు ఇప్పుడు? రాయి, ఇక్కడ మంచివి చూశాను.

ఈమధ్య నిద్ర సరిగ్గా పట్టడం లేదు. మిషను ఆపి ఇంటికొచ్చినా చెవిలో ఎవరో మాట్లాడుతూనే ఉంటారు, జోరీగలాగా. ఉద్యోగం అలాంటిది. కంగారు పడకు.

టకటక


బడి వెనక క్వార్టర్లు,
జూలై 2

టకటకా,

నువ్వు రాసిన ఒక్క పేజీలో వద్దు, వెళ్ళకు, అడక్కు అన్నవి ఎన్నిసార్లో లెక్కపెట్టాను. లెక్కల టీచరుని మరి. నాలుగు. గువ్వ బూట్ల సైజు నీకు తెలుసు, పోయిన నెలే కొన్నావు. ఏమిటి నీ బాధ? మీ అన్నయ్య కబురు తెలిస్తే నాకంటే ముందు నువ్వు ఎగిరి గంతెయ్యాలి కదా.

నా సంగతి నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు, నవ్వుతావని. ఇప్పుడు విను. రోజూ పొద్దున్న ఆరింటికి నేను వీధి తలుపు తీసి నిలబడతాను. పాలకోసం అని పక్కింటివాళ్ళు అనుకుంటారు. ఆయన విడుదలైన వేళ అది, నడిచి వచ్చేవాడు ఆ వేళకే వస్తాడని నా పిచ్చి. రెండుసార్లు బదిలీ వచ్చింది, పెద్ద బడికి, కాళ్ళావేళ్ళా పడి ఆపించుకున్నాను. ఆయనకి తెలిసింది ఈ ఇల్లే. నీకు తెలియనిది ఇంకోటుంది. మూడేళ్ళ కిందట డ్రాయింగు మాస్టారు పెళ్ళి మాట ఎత్తారు. మంచి మనిషి, గువ్వంటే ప్రాణం. నా భర్త బతికున్నాడు మాస్టారూ అన్నాను. ఆ వాక్యం ఉన్న కాగితం తీసి చూపించాను కూడా. ఆయన చదివి, చేతులు జోడించి వెళ్ళిపోయారు. పోయినేడు వేరే పెళ్ళి చేసుకున్నారు. నేను వెళ్ళి భోజనం కూడా చేసి వచ్చాను.

గువ్వ బడిలో ఏం చెప్పిందో తెలుసా? మీ నాన్నేం చేస్తారంటే, "దారిలో ఉన్నారు" అందట. పిల్లలు ఏ దారి అని వెక్కిరిస్తే నా దగ్గరికొచ్చి అదే అడిగింది. నేనేం చెప్పను? అందుకే వెళ్తున్నాను.

మీ సంఘం మధ్యవర్తి ఇంటికొచ్చింది. పెద్దావిడ, ఒకప్పుడు నర్సట. కుర్చీ వేస్తే కూర్చోకుండా వంటింటి గుమ్మంలో నిలబడి, నేను గిన్నెలు కడుగుతుంటే మాట్లాడింది. అతను చెప్పేది మీరు అనుకున్నట్టు ఉండకపోవచ్చమ్మా, తట్టుకోగలరా అంది. ఏడేళ్ళు ఏమీ తెలియకుండానే తట్టుకున్నాను అన్నాను. ఆగస్టు నాలుగున అని రాసుకుంది. సొంతవాళ్ళలో ఒకర్ని పక్కన కూర్చోబెట్టుకోవచ్చట.

నాకు సొంతమంటే నువ్వే. వచ్చి నా పక్కన కూర్చో. నువ్వుంటే నాకు ధైర్యం. సెలవు చీటీ ఇప్పుడే పెట్టెయ్యి.

వదిన


అద్దె గది,
జూలై 14

వదినా,

ఈ ఉత్తరం మూడోసారి రాస్తున్నాను. గువ్వ బడిలో ఉన్నప్పుడు, కూర్చుని చదువు.

ఆ వాక్యం కొట్టింది నేనే.

ఉద్యోగంలో చేరి అప్పటికి రెండు నెలలు. మనవాళ్ళ కేసు చేతికొస్తే లేచి పక్కవాళ్ళకి ఇచ్చెయ్యాలి, మొదటి రోజే చెప్తారు ఆ రూలు. టేపు సగం అయ్యేదాకా ఎవరిదో నాకు తెలియలేదు. అతను పేర్లు చెప్పడు, ఒకడు, ఇంకొకడు అంటాడు. మధ్యలో "ఆ రేడియో మెకానిక్కు" అన్నాడు. "కట్టేసి ఉన్నా కూనిరాగం తీస్తూనే ఉంటాడు సార్" అన్నాడు. అన్నయ్య కాక ఇంకెవరుంటారు చెప్పు? అప్పుడే లేచి ఇచ్చెయ్యాల్సింది. ఇవ్వలేదు. ఏడేళ్ళ తరవాత అన్నయ్య గురించి ఒకడు మాట్లాడుతుంటే ఎలా ఆపను?

మొదటి వైపు చివర ఇలా ఉంది: "తెల్లారి ఆరింటికి వాణ్ణి వదిలేశాను సార్." అంతే, టేపు అయిపోయింది. రాతభాషలో వదిలేశాను అంటే ఏం కొట్టాలి? విడిచిపెట్టాను అనొచ్చు. విడుదల చేశాను అనొచ్చు. నా వేళ్ళు విడుదల చేశాను అని కొట్టేశాయి. కొట్టి, ఆ కాగితం మీద తల పెట్టుకుని ఏడ్చాను, సంతోషంతో.

తరవాత టేపు తిప్పాను.

రెండో వైపు చాలాసేపు ఏమీ లేదు, ఫ్యాను చప్పుడు. విచారణాధికారి అడిగారు, "వదిలేశాను అంటే?" అని. అతను ఏడ్చాడు. "లేవలేకపోయాడు సార్, జ్వరం. అక్కడే వదిలేసి వచ్చేశాం," అన్నాడు. ఇవాళ్టికి చాలు అన్నారు అధికారి. అంతటితో ఆగిపోయింది.

వదినా, నేను ఆ కాగితం చింపలేదు. 'రెండవ వైపు ఖాళీ' అని కొట్టాను. మూడు మాటలు. అది పొరపాటు కాదు, అబద్ధం. ఆ అధికారికి అదే వారం బదిలీ అయింది, ఆ మూడు మాటలూ నమ్మి మళ్ళీ ఎవరూ ఆ టేపు పెట్టి వినలేదు. మర్నాడు చెప్పేద్దామనుకున్నాను. పైవారం చెప్పేద్దామనుకున్నాను. ఈలోపల నకలు నీకు చేరిపోయింది, నువ్వు ఫోను చేసి ఏడుస్తూ నవ్వావు, గుర్తుందా? గువ్వ ఫోను లాక్కుని "అత్తా, నాన్నని వదిలేశారట!" అని అరిచింది. ఆ తరవాత ఇక ఎలా చెప్పను?

తేలు కుట్టిన దొంగలా బతుకుతున్నాను. నిద్రలో కూడా కుడికాలు తొక్కుతూనే ఉంటుంది. ఊరివాళ్ళ మాటలకి కాపలా ఉండమని కూర్చోబెడితే కంచె చేను మేసినట్టయింది నా పని. డ్రాయింగు మాస్టారి సంగతి చదివాక లేచి తిరగలేకపోయాను. ఆ మనిషి నీ దగ్గర ఒకటి తీసుకున్నాడు. తక్కినవి తీసుకున్నది నేను.

నీ పక్కన కూర్చునే మొహం నాకు లేదు. నువ్వు వెళ్ళు. ఏం అడగాలనుకుంటే అది అడుగు.

టకటక


బడి వెనక క్వార్టర్లు,
జూలై 21

రికార్డుల గది టైపిస్టు గారికి,

మీరు పంపిన ఉత్తరం అందినది. ఆగస్టు నాలుగవ తేదీన నేను ఒంటరిగా హాజరవుతాను. మీరు రానవసరం లేదు. మా అమ్మాయికి మీరు బూట్లు గానీ మరేదైనా గానీ పంపవద్దు.

మీ భాషలోనే రాశాను, అర్థమవుతుందని అనుకుంటాను.


అద్దె గది,
జూలై 27

వదినా,

జవాబు ఆశించి రాయడం లేదు. నీకు తెలియాల్సిన కబుర్లు రెండున్నాయి కనక రాస్తున్నాను.

సూపరింటెండెంటు గారికి అంతా చెప్పేశాను. వత్తులు తప్పుపట్టే మనిషి, నన్ను ఒక్క మాట అనలేదు, అదే భరించలేకపోయాను. ఆ టేపు తీయించి ఇంకొకరి చేత మళ్ళీ కొట్టించారు. సవరించిన నకలు నీకు రిజిస్టరు పోస్టులో వస్తుంది. నన్ను ఆ గదిలోకి రానివ్వడం లేదు. నేను కొట్టిన మిగతా టేపులన్నీ ఇద్దరు కూర్చుని మళ్ళీ వింటున్నారు. వాటిలో తప్పు లేదు వదినా, ఒట్టు. కానీ ఇప్పుడు నా ఒట్టు ఎవరిక్కావాలి?

రెండోది. నాలుగో తారీఖున వరండాలోనైనా నిలబడతానని మధ్యవర్తిగారిని అడిగాను. "ఆ రోజు ఆవిడది, నీది కాదు," అంది. నిజమే కదా.

నీ ఉత్తరంలో ఐదు వాక్యాలు, మీరు అన్నది మూడుసార్లు. పెళ్ళై మన ఇంటికి వచ్చిన కొత్తలో మా అమ్మ ఆడపడుచుని మీరు అనమ్మా అంటే, "ఈ పిల్లనా? జుట్టు నేను దువ్వుతుంటే!" అన్నావు నువ్వు. నాకు శిక్ష వెయ్యాలంటే నీకంటే బాగా ఎవరికీ తెలియదు.

నన్ను క్షమించమని అడగను. అడిగితే నీకు ఇంకో పని అప్పజెప్పినట్టవుతుంది.

నీ


బడి వెనక క్వార్టర్లు,
ఆగస్టు 10

నీకు,

వెళ్ళి వచ్చాను. జరిగింది నీకు చెప్పాలా వద్దా అని ఆరు రోజులు ఆలోచించాను. మీ అన్నయ్య కదా, తెలుసుకునే హక్కు నీకుంది. అందుకే రాస్తున్నాను, ఇంకేమీ అనుకోకు.

గదిలో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక స్టూలు మీద నీళ్ళ సీసా. అతను ముందే వచ్చి కూర్చున్నాడు. నన్ను చూసి లేచాడు. టకటకా, అతను నా భుజం దాకా రాడు. పదకొండేళ్ళుగా నేను భయపడ్డ మనిషి, బక్కపలచగా, గోళ్ళ నిండా టైర్ల నలుపుతో, చొక్కా గుండీ ఒకటి తప్పు కన్నంలో పెట్టుకుని ఉన్నాడు. "అమ్మా" అన్నాడు. అలా పిలవొద్దు, టీచర్ అనండి అన్నాను.

అడిగాను. ఎటు వెళ్ళాడు అని.

మధ్యవర్తి వంక చూశాడు. ఆవిడేం సాయం చెయ్యలేదు. అప్పుడు చెప్పాడు. మూసేసిన పెంకుల ఫ్యాక్టరీలో పెట్టారట ఎనిమిది మందిని. ఆ తెల్లవారుజామున చోటు మారాలని హుకుం వచ్చింది. నడవగలిగినవాళ్ళని తోలుకుపోయారు. మీ అన్నయ్యకి కాలు వాచి, ఒళ్ళు కాలిపోతోంది. నాయకుడు ఇతన్ని పిలిచి "వాడి సంగతి చూసుకో" అన్నాడట. అప్పుడితనికి ఇరవై ఏళ్ళు.

"చంపమనే కదా టీచర్ దానర్థం. చంపలేదు. కట్లు విప్పాను, తలుపు తీసి పెట్టాను. మోసుకెళ్ళమని ఎవరూ అనలేదు, మొయ్యలేదు. నీళ్ళు కూడా దగ్గర పెట్టలేదు. వదిలేశాను," అన్నాడు. "ఆయన తమ్ముడూ అని పిలిచారు. రెండుసార్లు. నేను వెనక్కి తిరగలేదు."

ఆరో రోజున ఒక్కడే తప్పించుకుని తిరిగి వెళ్ళాడట. గదిలో మీ అన్నయ్య లేడు. గేటుకి ఇవతల, గోడ వారన ఉన్నాడు. అంతదూరం పాకాడు. ఎటు తిరిగి ఉన్నాడు అన్నాను. "రోడ్డు వైపు టీచర్." అక్కడే గొయ్యి తీసి పెట్టానన్నాడు.

నేను ఏడవలేదు. కళ్ళెర్రజేసి అతన్నే చూస్తూ కూర్చున్నాను. అతను చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

తరవాత నీ సంగతి వచ్చింది. నేనెత్తలేదు, అతనే ఎత్తాడు. "నాలుగేళ్ళ కింద కాగితం చదివి వినిపించి సంతకం పెట్టమన్నారు. విడుదల చేశాను అని ఉంది. ఆ మాట నేననలేదు టీచర్, నాకంత మాటలు రావు. కానీ వినడానికి బాగుంది. గబగబా సంతకం పెట్టేశాను. ఆ వారమంతా హాయిగా నిద్రపోయాను." మరి ఇప్పుడెందుకు పిలిచావు అన్నాను. "షాపుకొచ్చే ప్రతివాడూ తమ్ముడూ, పంక్చరు వెయ్యాలి అంటాడు. రోజుకి యాభై మంది. నేను లేచి పంపు పట్టుకోవాలి కదా. ఎన్నాళ్ళని వెనక్కి తిరక్కుండా ఉంటాను?"

అతను చెప్పింది నిజం అని సంతకం పెట్టాను. క్షమించావా అని ఎవరూ అడగలేదు, మంచిదైంది. అడిగితే ఆ నీళ్ళ సీసా విసిరేసేదాన్ని. రెండు రోజులకి సంఘంవాళ్ళు వెళ్ళి తవ్వారు. అతను చూపించిన చోటే. జేబులో ఆయన చిన్న స్క్రూడ్రైవరు ఉంది, పచ్చ పిడిది. పరీక్షలయ్యాక అప్పగిస్తారట.

పొద్దున్న ఆరింటికి ఇప్పటికీ మెలకువ వస్తోంది. కాళ్ళు తలుపు దాకా పోతున్నాయి. అక్కడ నిలబడి నేనెందుకొచ్చానో నాకే తెలియడం లేదు. నాకు ఆయన రెండుసార్లు పోయాడు. మొదటిసారి ఆ మనిషి వల్ల, రెండోసారి నీవల్ల. ఇంకోటి కూడా చెప్తాను, గుచ్చుకున్నా సరే. అతను ఆరో రోజుకైనా వెనక్కి వెళ్ళి చూశాడు. నువ్వు నాలుగేళ్ళు వెళ్ళలేదు.

నీకు అన్నయ్య పోయాడని నాకు తెలుసు. నీ తల నిమిరేవాళ్ళు కూడా అక్కడెవరూ లేరనీ తెలుసు. తెలిసీ ఇలా రాస్తున్నాను, అంత కోపంగా ఉంది. ఈ కోపం తగ్గేదాకా నీకు దూరంగా ఉందామనే అనుకున్నాను. కానీ గువ్వ ఉందే.

దానికింకా ఏమీ చెప్పలేదు. నాలుగు రోజులుగా నోరు తెరుస్తున్నాను, మూస్తున్నాను. మధ్యవర్తి ఒక మాటంది, చేసిన నష్టంలో ఎంత సరిచేయగలరో అంత చేసినవాళ్ళ చేతే సరిచేయించాలి అని. మా క్లాసులో జుట్టు పొట్లం ఇచ్చిన పిల్ల గుర్తొచ్చింది. నీ వాక్యాన్ని దానికి చదివి వినిపించింది నేను, నాలుగేళ్ళు, రాత్రి కథ చెప్పినట్టు. నిజం నేను చెప్పను. నువ్వు చెప్పాలి. శనివారం రా. దాని ఎదురుగా కూర్చుని, దాని కళ్ళలోకి చూసి, ఏం విన్నావో, ఏం కొట్టావో, మీ అన్నయ్య ఎలా పోయాడో చెప్పు. రాతభాషలో కాదు. అది ఏడిస్తే లేచిపోవడానికి లేదు, తిడితే మాట దాటెయ్యడానికి లేదు. నేను పక్కగదిలో ఉంటాను.

ఆ తరవాత నీకూ నాకూ ఏం మిగులుతుందో నాకు తెలియదు. మిగలదని మాత్రం అనడం లేదు.

అత్తకి ఉత్తరం రాస్తున్నానంటే అదీ ఒక చీటీ ఇచ్చింది. విప్పి చూడొద్దని ఒట్టు వేయించుకుంది. ఇందులోనే పెడుతున్నాను.

వదిన


అత్తకి మాత్రమే. అమ్మ చదవకూడదు.

అత్తా,

శనివారం వస్తున్నావట! నాన్న గురించి తెలిసిందట, అది నువ్వే చెప్పాలట. ఎంత బతిమాలినా అమ్మ చెప్పలేదు. ముక్కు ఎర్రగా ఉంది కానీ అడిగితే జలుబు అంటుంది.

నాకు తెలిసిపోయిందిలే. చెడ్డ కబురైతే అమ్మే చెప్పేస్తుంది. కుక్కపిల్ల చచ్చిపోయినప్పుడు అమ్మే చెప్పింది, నాకు ఫస్టు రాలేదనీ అమ్మే చెప్పింది. మంచివన్నీ నువ్వొచ్చినప్పుడే తెలుస్తాయి. నాన్నని వదిలేశారు అన్నది కూడా నీ ఆఫీసు నుంచే కదా వచ్చింది.

నాకేమీ తెలియనట్టు ఉంటాను, నువ్వే చెప్పు. అమ్మ కూడా ఉండాలి. అమ్మ మొహం చూడాలి నాకు.

ఒకటి మాత్రం ముందే అడుగుతున్నాను, సిగ్గుగా ఉంది, నవ్వకు. ఆయన్ని నాన్నా అనాలా, నాన్నగారూ అనాలా? మా క్లాసులో సగం మంది అలా అంటారు, సగం మంది ఇలా అంటారు. ఎవరూ లేనప్పుడు గట్టిగా పిలిచి చూశాను. రెండూ కొత్తగానే ఉన్నాయి. నువ్వొచ్చే లోపల ఏదో ఒకటి అలవాటు చేసుకుంటాను.

గువ్వ